పళ్ళెం ముందు పంచాయతీ

5 ఫిబ్రవరి 1996, సోమవారం

సహన మళ్ళీ వాంతి చేసుకుంది. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బ్యాగు భుజానికి తగిలించుకుని బడికి మెట్లు దిగుతూ మధ్యలోనే కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. నేను కిందికి పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. రొట్టె, పప్పు, ఏదీ అరగలేదు. తిన్నది తిన్నట్టే బయటికి వచ్చింది.

అత్త పైనుంచే చూసి, బడి కాడ బండి మీద ఏదో కొనుక్క తినుంటది, గా చింతపండు ఉండలు ముట్టొద్దని ఎన్నిసార్లు జెప్పాలె అంది. పిల్ల తినలేదు. నాకు తెలుసు. దానికి పదకొండేళ్ళు, అబద్ధం చెప్పడం ఇంకా రాలేదు. నేను మెట్లు కడిగాను. ఈ నెల రోజుల్లో ఎన్నోసారో నాకే గుర్తులేదు.

ఈ డైరీ స్టీలు కంపెనీ వాళ్ళు మా దుకాణానికి పంపింది. ఎవరికీ అక్కర్లేదని బీరువా మీద పడేస్తే నేను తీసుకున్నాను. ఈ ఇంట్లో కోడలు నోరు తెరిస్తే ఎదురు జవాబు అంటారు. రాసుకుంటే ఎవరికీ వినబడదు.

8 ఫిబ్రవరి

వంకాయ బంద్. మొన్న పచ్చిమిర్చి బంద్ అయింది. నిన్న పుంటికూర పప్పు. రేపు జొన్నరొట్టె కూడా బంద్ చేసి మెత్తటి గంజి పెట్టమన్నారు. మా ఇంట్లో ఎవరికి కడుపు నొచ్చినా ముందు కూరగాయల్ని పట్టుకుని విచారిస్తారు. వంకాయ నోరు లేనిది కాబట్టి దోషం దాని మీద వేయడం సులువు.

11 ఫిబ్రవరి, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. రాస్తేగానీ చల్లబడేట్టు లేను.

మాది రాయచూరు బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మా మామ మహదేవప్ప, అత్త కృష్ణాబాయి, మా ఆయన గురురాజ్, నేను, సహన. ఒకప్పుడు పెళ్ళిళ్ళ సీజన్లోనే బేరాలు. శక్తినగర్‌లో పవర్ ప్లాంట్ వచ్చాక కాలనీ వాళ్ళు బస్సు ఎక్కి ఇక్కడికే వచ్చి కొంటున్నారు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఒక్క మధ్యాహ్నం మాత్రం ఎండకి బజారంతా మూస్తారు. అప్పుడు అందరూ పైకి వచ్చి వరసలో పీటల మీద కూర్చుంటారు. ఇంట్లో అందరూ ఒక్కచోట కలిసేది ఆ ఒక్క పూటే.

అందుకని మామ పంచాయతీ ఆ పూటే పెడతాడు.

నేను మొదటి ముద్దకి నెయ్యి వేసి వెనక్కి తిరుగుతానో లేదో, ఏందిరా గురూ, అని మొదలు. పొద్దున ఎవరు వచ్చి ఏం కొనకుండా పోయారు, ఎందుకు పోయారు, నువ్వేం అన్నావు, అట్ల అంటే గిరాకీ నిలబడతదా, నీ అసుంటోడు దుకాణం నడిపితే షట్టర్ దింపుకోవాల్సిందే. మా ఆయన తల పళ్ళెంలోకి వంచి ముద్ద మీద ముద్ద మింగుతాడు. నమలడు. మింగుతాడు. పక్కన సహన, దాని పక్కన అత్త.

లేచి పోవడానికి లేదు. మా ఇంట్లో పెద్దాయన లేచేదాకా ఎంగిలి చేత్తో ఎవరూ లేవకూడదు. పళ్ళెంలో మెతుకు మిగలకూడదు. అన్నపూర్ణకు అవమానమట. ఆయన తినేది నిదానం. మాట్లాడుతూ తింటాడు కాబట్టి ఇంకా నిదానం. అందరి చేతులూ ఎండిపోయి మెతుకులు వేళ్ళకి బిగుసుకుంటాయి. ఆయన మజ్జిగ తాగి లేచేదాకా అందరూ అట్లాగే కూర్చోవాలి.

ఇవాళ ఆదివారం కాబట్టి ఇంకా ఎక్కువ సేపు. శక్తినగర్ నుంచి వచ్చిన ఎవరో ఇంజనీరు భార్య ప్రెషర్ కుక్కర్ నచ్చక పక్క దుకాణానికి పోయిందట. కుక్కర్ నచ్చకపోతే మా ఆయన ఏం చేస్తాడు? దాన్ని ఆయన కన్నాడా?

13 ఫిబ్రవరి

జయతీర్థ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ముసలాయన. మా ఆయన చిన్నప్పుడు కూడా ఈయనే మందిచ్చాడట. రక్తం, మూత్రం, అన్ని టెస్టులూ ముందే చేయించాం. అన్నీ నార్మల్. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి సహన పొట్ట నొక్కి చూశాడు. ఎప్పుడొస్తదమ్మా నొప్పి అని దాన్నే అడిగాడు. తిన్నంక అంది. రాత్రి తిన్నా వస్తదా అన్నాడు. రాదంది. పొద్దున తిన్నా? రాదంది. మధ్యాహ్నం ఒక్కటేనా? తల ఊపింది.

ఆయన కళ్ళద్దాలు తీసి మమ్మల్ని చూశాడు. ఇది టెన్షన్ అన్నాడు. కడుపులో కూడా బోలెడు నరాలుంటాయట. భయం వేస్తే ఒళ్ళంతా పారిపోవడానికి సిద్ధమవుతుందట. రక్తం కాళ్ళకీ చేతులకీ పరుగెత్తుతుంది, కడుపు తన పని ఆపేస్తుంది. ఆ సమయంలో లోపల పడ్డది అక్కడే నిలబడిపోతుంది, లేకుంటే ఎదురు తంతుంది. పెద్దవాళ్ళలో అయితే ఆమ్లం ఊరి మంటగా తిరుగుతుందట. పిల్ల నాటకం ఆడుతలేదు, నొప్పి నిజమైన నొప్పే అని గట్టిగా చెప్పాడు.

మా ఆయన నవ్వాడు. పదకొండేళ్ళ పిల్లకు టెన్షన్ ఏంది డాక్టర్ సాబ్ అన్నాడు. ఆయన చొక్కా జేబులో కడుపు మంటకి వేసుకునే జెలుసిల్ మాత్రల పట్టీ ఉంది. నడిచినప్పుడల్లా గలగలమంటుంది. డాక్టరు ఆ జేబు వైపు చూశాడు.

14 ఫిబ్రవరి

 నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

డాక్టరు ఏమన్నాడని మామ అడిగాడు. మా ఆయన చెప్పాడు. మామ పొద్దున విని షట్టర్ ఎత్తడానికి కిందికి పోయాడు. మధ్యాహ్నం వరసలో కూర్చుని, పప్పు కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నా ఇంట్ల పిల్లకు టెన్షన్ ఎవరు పెడ్తున్నరు, ఇవాళ తేలాలె అన్నాడు.

టెన్షన్ మీద పంచాయతీ! అన్నం పళ్ళేల ముందే!

ఒక్కొక్కరినీ అడిగాడు. గురూ, నువ్వు కొట్టినవా? కృష్ణా, నువ్వు తిట్టినవా? నన్ను చూసి, కమలాక్షీ, చదువు చదువని సతాయించినవా? చివరికి సహన వైపు తిరిగాడు. చెప్పమ్మా, తాతకు చెప్పు, ఎవరి వల్ల నీకు టెన్షన్? ఫికర్ పడకు, ఎవరైతే వాళ్ళ సంగతి ఇప్పుడే చూస్త. నిజంగా ప్రేమగానే అడిగాడు. అదే నాకు మరీ మంట. మనవరాలంటే ఆయనకి ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని దాని పళ్ళెం ముందు వేలు ఆడిస్తున్నాడు.

పిల్ల నోట్లో ముద్ద ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. ఎవ్వరి వల్లా కాదు తాతా అంది. అయితే తిను అన్నాడు. తింది. అంతా తింది. మెతుకు మిగల్చకుండా తింది.

తర్వాత పెరట్లో అంతా కక్కింది. నేను దాని నుదురు పట్టుకుని నిలబడ్డాను. మూడు పూటల బువ్వ దొరికే ఇంట్ల టెన్షన్ అంటడు, ఆ డాక్టర్‌కి ముసలితనం వచ్చింది అని మామ పైన అంటున్నాడు. నాకు వినిపించింది.

18 ఫిబ్రవరి

అత్త కల్మల ఊరి నుంచి నాటు వైద్యం చేసే నింగవ్వను పిలిపించింది. బొడ్డు జారిందేమో చూడాలని. నింగవ్వ వచ్చి పిల్లను చాప మీద పడుకోబెట్టి, బొడ్డు మీద గోధుమపిండి ముద్ద పెట్టి, దాంట్లో ఒత్తి వెలిగించి, పైన చెంబు బోర్లించింది. చెంబు దుకాణంలోంచి తెచ్చిన కొత్తది. ఒత్తి ఆరిపోయి చెంబు పొట్టకి అంటుకుపోయింది. సహన కితకితలకి నవ్వింది. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు. నింగవ్వ చెంబు పీకి, ఆయితు, అయిపోయింది, బొడ్డు జాగకు వచ్చింది, మూడు దినాలు దీన్ని కదలనియ్యకుండ్రి, లోపలి అర్రల మెత్తటి బువ్వ పెట్టుండ్రి అంది.

21 ఫిబ్రవరి

సహనకి నొప్పి లేదు. మూడు రోజులూ లోపలి గదిలో నేనే పళ్ళెం తీసుకెళ్ళి పెట్టాను. పెరుగన్నం రెండోసారి అడిగింది. అత్త మొహం వెలిగిపోతోంది. నింగవ్వకి చీర పెట్టి పంపింది. డాక్టర్‌లు ఏం జేస్తరమ్మా, మన నింగవ్వ చెంబు ముందు అంటోంది. నేను కూడా సంతోషంగానే ఉన్నాను. చెంబు అయితే ఏమిటి, దీపం అయితే ఏమిటి, నా బిడ్డ తింటోంది.

22 ఫిబ్రవరి

వరసలో కూర్చోబెట్టారు. మెట్ల మీద మళ్ళీ అదే.

ఇవాళ్టి కేసు: ఒక పెళ్ళివాళ్ళ బిందెల మీద మా ఆయన పేర్లు చెక్కాడు. అమ్మాయి వాళ్ళ పేరు అబ్బాయి వాళ్ళ బిందె మీద, వాళ్ళది వీళ్ళ బిందె మీద పడింది. మధ్యలో కరెంటు పోయి చెక్కే మిషన్ ఆగింది, మళ్ళీ వచ్చేసరికి బిందెలు తారుమారయ్యాయి. పవర్ ప్లాంట్ పక్కనే పెట్టుకుని మా ఊళ్ళో కరెంటు ఉండదు, తీగలన్నీ బెంగళూరుకి పోతాయి. ఆ తిట్టు మాత్రం మా ఆయనకి. మామ ఎంత మాట అన్నాడంటే, నీ పేరు ముందుగాల ఏదన్నా బిందె మీద చెక్కించుకోరా, నువ్వెవరివో అన్నా గుర్తుంటది అన్నాడు. మా ఆయనకి నలభై ఏళ్ళు. చెవులు ఎర్రబడ్డాయి.

నేను సహనను చూశాను. అది నాన్న చెవుల్ని చూస్తోంది. నోట్లో రొట్టె అట్లాగే ఉంది. ఎడమచెయ్యి మెల్లగా పొట్ట మీదికి పోయింది.

26 ఫిబ్రవరి

జెలుసిల్ పట్టీ కొత్తది. నిన్నటిది అయిపోయింది.

1 మార్చి

ఇంత సూటిగా ఉన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు?

మామకి పుల్ల తేన్పులు, తిన్నాక గంటసేపు గుండె రుద్దుకుంటాడు. అత్తకి గ్యాసు, వాము నములుతూనే ఉంటుంది. మా ఆయనకి మంట. పిల్లకి వాంతి. ఒకే కుండలో నీళ్ళు, ఒకే పొయ్యి, ఒకే కూర. ఆ కూర నేనూ తింటాను. వాళ్ళకంటే ఎక్కువ కారం వేసుకుని తింటాను, గురెళ్ళ కారప్పొడి మీద పచ్చినూనె పోసుకుని తింటాను. నాకు ఏమీ కాదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఒక్క మాత్ర వేసుకోలేదు. అత్త అది చూసి, దీనికేం ఫికర్ ఉంది, రాళ్ళు దిన్నా అరుగుతయి అంటుంది.

నేను తినేది అందరూ అయ్యాక, వంటింట్లో, ఒక్కదాన్నే. చల్లారిపోయిన అన్నం, అడుగంటిన కూర. కోడలు చివర తినాలన్న పద్ధతి పెట్టినవాళ్ళు నా మేలు కోరి పెట్టలేదు. వాళ్ళకి నేను దండం పెట్టను. కానీ ఆ వంటింట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు. నేను నమిలి తింటాను. రుచి తెలుస్తుంది. అదే తేడా. అదొక్కటే తేడా.

నింగవ్వ చెంబు మూడు రోజులు ఎందుకు పనిచేసిందో ఇప్పుడు అర్థమైంది. లోపలి గదిలో పంచాయతీ లేదు.

వంకాయని అనవసరంగా బంద్ పెట్టించారు.

3 మార్చి, ఆదివారం

సహనను నాతోపాటు వంటింట్లో కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం వంకాయ కూర తిన్నాం. అది నాకు టీచర్ కథలు చెబుతూ తింది. నొప్పి లేదు.

దానికి పెద్ద గొడవ. మహదేవప్ప మనవరాలు పనిమనిషి లెక్క అందరి ఎంగిళ్ళు అయినంక తింటదా, ఇజ్జత్ ఏమన్నా ఉన్నదా అని మామ అరిచాడు. అంటే నేను ఇన్నేళ్ళుగా తిన్నది ఎట్లా అని అర్థం? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అత్త నా చెయ్యి నొక్కింది. మా ఆయన నా వైపు చూసి, పోనీ కమలా, వరసలనే కూసోనియ్ అన్నాడు. మెల్లగా, అలిసిపోయినట్టు అన్నాడు. నాకు ఆయన మీద వచ్చినంత కోపం మామ మీద కూడా రాలేదు.

డాక్టరు చెప్పిందే నేను మా ఆయనకి విడమర్చి చెప్పాను. నీ బిడ్డ నీ చెవులు ఎర్రబడడం చూసి కక్కుతోంది అన్నాను.  నాయిన సుతా గిట్లనే తిట్లు తిన్నడట తాత దగ్గర, నేను తిన్న, ఏమైంది, బతుకుతున్నం కదా అన్నాడు. జేబులో పట్టీ గలగలమంది.

9 మార్చి

మామ తనకి తెలిసిన ఒక సర్జన్ దగ్గరికి సహనను తీసుకుపోయాడు. నన్ను రానివ్వలేదు. ఆయన నర్సింగ్ హోమ్‌లో స్కాన్ మిషన్ ఉందట. స్కాన్‌లో ఏమీ కనబడలేదట. అయినా ఇన్నాళ్ళు నొస్తోంది కాబట్టి అపెండిక్స్ తీసేయడం మంచిదన్నాడట. బడి పరీక్షలు అయ్యాక ఏప్రిల్ ఒకటిన ఆపరేషన్ ఖాయం చేసుకుని వచ్చారు.

ఇంట్లో అందరి మొహాల్లో ఒక తృప్తి. ఏదో దొరికింది, కోసి పారేస్తే కతం. పిల్ల పొట్ట కోయడానికి మొత్తం ఇల్లు ఒప్పుకుంది. అన్నం తినేటప్పుడు నోరు మూసుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోరు.

నేను జయతీర్థ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. అపెండిక్స్ లక్షణం ఒక్కటీ లేదమ్మా, జ్వరం లేదు, నొప్పి ఒకచోట నిలబడడం లేదు, నేను కోయమని అనను అన్నాడు. మామకి మీరే చెప్పండి అన్నాను. రమ్మని కబురు పంపిన, రానన్నడు అన్నాడు.

15 మార్చి

పొట్ట కోస్తే మచ్చ ఎంత ఉంటదమ్మా అని అడిగింది సహన. చిన్నదే అన్నాను. వంటింట్లోకి వచ్చి గోడకి తల ఆనించి ఏడ్చాను.

20 మార్చి, ఉగాది

మా ఇంట్లో ఉగాది రోజు ఎవరినీ ఏమీ అనకూడదు. ఆ రోజు ఏడిస్తే ఏడాదంతా ఏడుపే అంటారు. మామ కూడా దాన్ని గట్టిగా పాటిస్తాడు. ఇవాళ వరసలో కూర్చుని వేపపువ్వు గురించీ, మామిడికాయల గురించీ మాట్లాడాడు. శక్తినగర్‌లో పొగగొట్టాలు కట్టే రోజుల్లో కూలీలు గుంపులుగా వచ్చి అల్యూమినియం గిన్నెలు కొనుక్కుపోయిన ముచ్చట చెప్పాడు. ఆ ముచ్చట బాగుంది. నేను కూడా గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

నెయ్యి కారుతున్న భక్ష్యాలు. పూర్ణం పప్పుది, అరగడం కష్టం. మిరపకాయ బజ్జీలు. చింతపండు పులిహోర. సహన అన్నీ తింది. భక్ష్యాలు మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. నేను లోపల భయంతో చస్తున్నాను, సాయంత్రం దాకా దాని వెనకాలే తిరిగాను.

ఏమీ కాలేదు. మిద్దె మీద పిల్లలతో తాడాట ఆడింది.

మా ఆయన కూడా మాత్ర వేసుకోలేదు. ఆయనకి ఆ సంగతే తెలియదు. నేను చెప్పాను. నిజమా అని జేబు తడుముకున్నాడు.

21 మార్చి

పంచాయతీ. వాంతి.

పండుగ అయిపోయింది కదా.

29 మార్చి, శుక్రవారం, మధ్యాహ్నం 3

పరీక్షలు నిన్నటితో అయిపోయాయి. సోమవారం ఆపరేషన్. పొద్దున మామ సహనను పిలిచి ఆపరేషన్ అయితే సైకిల్ కొనిస్త అన్నాడు. అది సరే అని తల ఊపింది. వచ్చి నా కొంగు పట్టుకుంది.

ఆ తర్వాత నేను ఏమీ ఆలోచించలేదు. రొట్టెలు చేశాను, పప్పు చేశాను, అన్నం వార్చాను. పీటలు వేశాను, పళ్ళేలు పెట్టాను, నీళ్ళు పెట్టాను. అందరూ వచ్చి కూర్చున్నారు. మామ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. నేను అన్నం గిన్నె చంకన పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

వడ్డించవేందమ్మా అన్నాడు మామ.

మామా, ముందుగాల మీ పంచాయతీ కానియ్యుండ్రి, అయినంక వడ్డిస్త అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వడ్డన మొదలయినంక మాత్రం ఎవ్వరూ ఎవ్వర్నీ ఏమనొద్దు అన్నాను.

మామ ముందు నవ్వాడు. ఎండకి తల తిరిగిందేమో చూడు కృష్ణా అన్నాడు. నేను కదల్లేదు. ఆయనకి అర్థమయ్యాక మొహం మారింది. ఏందిది, బువ్వ కాడ బేరం ఆడ్తున్నవా, ఇది నా ఇల్లు అన్నాడు. అవును మామా, మీ ఇల్లే, అన్నం చేసింది నేను, అన్నాను. నీ అసుంటి కోడలు వస్తదని తెలిస్తే అని ఏదో అన్నాడు. అననీ. నేను గిన్నె దించలేదు.

ఆయనకి పౌరుషం వచ్చింది. సరే, నాకేం భయమా అన్నట్టు, ఖాళీ పళ్ళెం ముందే కూర్చుని మా ఆయన వైపు తిరిగాడు. ఏందిరా గురూ, నిన్న ఆ టిఫిన్ క్యారియర్లు తీసుకుపోయినాయన పొద్దున వచ్చి ఏమన్నడో ఎరికేనా, నీ చేతకానితనం గురించి బజారంతా...

అప్పుడు జరిగింది.

మా ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. మెతుకు అంటలేదు. ఆ చేతిని కాసేపు అట్లాగే చూసి, పీట మీద నుంచి లేచాడు. ఎంగిలి లేదు కాబట్టి లేవకూడదన్న నియమం లేదు. నాయినా, బువ్వ పెట్టినంక పిలువుండ్రి అని, మెల్లగా మెట్లు దిగి దుకాణంలోకి పోయాడు. మామ నోరు అట్లాగే తెరిచి ఉంది. సగం మాట లోపలే ఆగిపోయింది. సహన నన్ను చూసింది, తాతను చూసింది, లేచి ఒక్క ఉరుకులో మిద్దె మీదికి పోయింది. అత్త మోకాలు పట్టుకుని లేచి వంటింట్లోకి వచ్చింది.

నాలుగు ఖాళీ పళ్ళేలు, మామ ఒక్కడే.

ఇన్నేళ్ళుగా ఆ మాటలు వినిపించింది ఆయన గొంతు కాదు. మేం వండిన అన్నమే అందరినీ కట్టేసి కూర్చోబెట్టింది. అన్నం లేకపోతే ఆయన పంచాయతీకి ఒక్కడు కూడా నిలబడడు. ఇంత చిన్న సంగతి! దీనికోసం నా బిడ్డ పొట్ట కోయించబోయారు!

వడ్డించనా మామా అని అడిగాను. నిజంగానే అడిగాను, ఎగతాళికి కాదు. అక్కర్లేదని కిందికి పోయాడు.

అత్త గిన్నె నా చంకలోంచి లాక్కుంటుందనుకున్నాను. తను వడ్డిస్తే నా పంతం అక్కడితో అయిపోయేది. ఆమె వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంది.  తర్వాత, నేను కోడలిగ ఉన్నన్ని దినాలు నాకు మంట లేకుండె కమలా, మా అత్త పోయినంక వరసల కూసున్న సంది మొదలయింది అంది. పప్పు పెట్టు అంది. పెట్టాను. ఇద్దరం పక్కపక్కన కూర్చుని తిన్నాం. సహన వచ్చి మధ్యలో దూరింది. మా ఆయన తర్వాత వచ్చి నిలబడే తిన్నాడు, నమిలి తిన్నాడు.

మామ తినలేదు. నాకు జాలి వేసింది. జాలి వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

30 మార్చి

మామ వచ్చి కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు కాబట్టి వడ్డించాను. రెండో ముద్దకి ఆయన, ఏందిరా, అన్నాడు. నేను మా ఆయన పళ్ళెం దాకా తీసుకుపోయిన గరిటె వెనక్కి తీసుకుని నిలబడ్డాను. మామ నా గరిటె వైపు చూశాడు. ఆ మాట మింగాడు. ఆయన మింగడం ఇదే మొదటిసారి చూశాను.

సోమవారం సంగతి మాత్రం మారలేదు. సర్జన్‌కి మాట ఇచ్చిన అంటున్నాడు.

31 మార్చి, ఆదివారం

పొద్దున్నే సహన కడుపు నొప్పి అంది. నా ప్రాణం పోయింది. నేనే తప్పేమో? నిజంగా అపెండిక్సేమో? నా పంతానికి నా బిడ్డ బలి అయితే? మామ, ఇప్పుడేమంటవు, పిల్లకేమన్నా అయితే నీదే బాధ్యత అన్నాడు. అవును, నాదే అన్నాను. 

జయతీర్థ డాక్టరు ఇంటికే తీసుకుపోయాం. మా ఆయన కూడా వచ్చాడు. డాక్టరు పొట్ట అంతా నొక్కి, స్టెతస్కోపు పెట్టి విని, రేపటి ఆపరేషన్ అంటే భయమా అని అడిగాడు. అది ఒక్కసారిగా ఏడ్చింది. చేయించమమ్మా, చేయించం అని మా ఆయన దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఏడుపు ఆగాక నొప్పి ఉందా అని డాక్టరు అడిగాడు. ఆకలేస్తోంది అంది.

మా ఆయన అక్కణ్ణించి ఇంటికి రాలేదు. నేరుగా నర్సింగ్ హోమ్‌కి పోయి ఆపరేషన్ వద్దని చెప్పి వచ్చాడు. తర్వాత దుకాణంలో వాళ్ళ నాయిన ముందు నిలబడి ఆ మాటే చెప్పాడట. చేతిలో ఎంగిలి లేకుండా, కాళ్ళ మీద నిలబడి.

1 ఏప్రిల్

కోయలేదు. పిల్ల మిద్దె మీద ఆడుకుంటోంది.

మామ ఇప్పటికీ తప్పయిందని అనలేదు. అనడు. నాకు కోపం పోలేదు, పోనివ్వను కూడా.

6 ఏప్రిల్

మధ్యాహ్నం అన్నం దగ్గర మామ నోరు తెరిచి, ఏందిరా గురూ, అన్నాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. సహన ఎడమచెయ్యి పొట్ట మీదికి పోయింది. మామ ఆ చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఉప్పు ఇట్లియ్యి, అన్నాడు.

మా ఆయన ఇచ్చాడు. మామ పప్పులో వేసుకుని కలుపుకుని, తల ఎత్తకుండా తిన్నాడు. ఆ పప్పులో ఉప్పు సరిపోయే ఉంది. నేనే వేశాను.